వేలి చుక్క పరీక్షలో సీసం 6.2: ఇంట్లో ఏం వెతకాలి, ఏం చేయకూడదు?

చికాగో_చింతచిగురు
అందరికీ నమస్కారం. అమెరికాలో ఏడాది, రెండేళ్ళ వయసులో పిల్లల డాక్టర్లు చేయించే సీసం పరీక్షలో మన తెలుగు ఇళ్ళ పిల్లలకి 4, 6, 8 అని రావడం ఇక్కడి గుంపుల్లో తరచూ వినబడుతోంది. పద్దెనిమిది నెలల పాపకి వేలి చుక్కలో 6.2 వచ్చిందనుకోండి. ఆ అంకెని నమ్మాలా? మందు వేయాలా? పాత ఇల్లు కాదు, గోడల రంగు ఊడిపోలేదు అనుకుంటే ఎక్కడ వెతకాలి? ల్యాబుల్లో, పిల్లల వైద్యంలో, లోహాల పనిలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి వివరంగా రాయమని మనవి.

ఎర్రకణం
ముందు యూనిట్ చూడండి. సగం కంగారు అక్కడే పుడుతుంది. అమెరికా రిపోర్టుల్లో డెసిలీటరుకి, అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి, ఎన్ని మైక్రోగ్రాములు అని ఉంటుంది. కొన్ని ల్యాబులు లీటరుకి ఇస్తాయి. లీటరుకి 62 అంటే డెసిలీటరుకి 6.2 మాత్రమే. ఆ 62ని చూసి పిల్లని అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళనక్కర్లేదు. బ్రిటన్ రిపోర్టుల్లో మైక్రోమోల్ కనిపిస్తే 20.7తో హెచ్చవేయండి. 0.48 అంటే 10 అన్నమాట. ఈ చర్చలో అందరం డెసిలీటరు లెక్కే వాడదాం.

ఇక వేలి చుక్క సంగతి. యంత్రానికి కావలసింది 50 మైక్రోలీటర్ల రక్తం, ఒక్క చుక్క. చర్మం మీద కంటికి కనబడని ధూళి ఉన్నా అది చుక్కలో కలిసి అంకెని పెంచేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే క్రిములు పోతాయి గానీ సీసం పోదు. సబ్బుతో, పారే నీళ్ళ కింద బాగా రుద్ది కడిగి, ఆ తర్వాత పాప చేయి దేన్నీ తాకకుండా చూసుకోవాలి. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. ఇవన్నీ చేసినా 3.5 గానీ అంతకు మించి గానీ వస్తే నరం నుంచి తీసిన రక్తంతో నిర్ధారించుకోవాల్సిందే.

నరం నుంచి తీసేటప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. రక్తంలోని సీసంలో 99 శాతం ఎర్రకణాల్లోనే ఉంటుంది. అందుకే సీరమ్ పనికిరాదు, గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉన్న గొట్టంలో మొత్తం రక్తం కావాలి. తీసిన వెంటనే గొట్టాన్ని ఎనిమిది, పదిసార్లు మెల్లగా తిరగేయాలి. అలా చేయకపోతే సన్నని గడ్డలు కట్టి, ఎర్రకణాలు వాటిలో చిక్కుకుని అంకె తప్పుగా వస్తుంది. సూక్ష్మ లోహాల కోసమని ధ్రువీకరించిన గొట్టం అడగండి. వెంట్రుకల పరీక్ష, మందు ఇచ్చి మూత్రంలో కొలిచే పరీక్ష రెండూ చేయించొద్దు. మందు ఇస్తే ఎవరి మూత్రంలోనైనా సీసం పెరుగుతుంది, దాన్ని పోల్చి చూడటానికి ప్రామాణిక అంకె లేదు.

పాలబుగ్గలు
ఎర్రకణం గారు చెప్పినదానికి గడువులు కలుపుతాను. వేలి చుక్కలో 3.5 నుంచి 9 వస్తే మూడు నెలల్లోపు నరం రక్తంతో చూడాలి. 10 నుంచి 19 అయితే నెలలోపు, 20 నుంచి 44 అయితే రెండు వారాల్లోపు, 45 గానీ అంతకు మించి గానీ అయితే 48 గంటల్లోపు. ఇవి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పే గరిష్ఠ గడువులు. 6.2కి మూడు నెలలు ఆగాల్సిన పని లేదు, ఆ వారంలోనే చేయించండి.

"3.5 లోపు ఉంటే మంచిదేనా?" అని చాలామంది అడుగుతారు. కాదు. 1960లలో 60 వరకూ ఫర్వాలేదన్నారు. తర్వాత 40, 30, 25 అయింది, 1991లో 10కి, 2012లో 5కి, 2021 అక్టోబరులో 3.5కి దిగింది. ఈ 3.5 అన్నది అమెరికాలో ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లల్లో అత్యధికంగా ఉన్న రెండున్నర శాతం మందిని వేరుచేసే గీత, అంతే. దాని కింద క్షేమమని ఎవరూ అనలేదు. 2005లో 1,333 మంది పిల్లల లెక్కలు కలిపి చూసినప్పుడు, సీసం 2.4 నుంచి 10కి పెరిగేటప్పటికి ఐక్యూ 3.9 పాయింట్లు తగ్గింది. 10 నుంచి 20కి వెళ్ళినప్పుడు 1.9, 20 నుంచి 30కి 1.1. అంటే మొదటి మెట్టులోనే నష్టం ఎక్కువ. అందుకే 6.2ని చిన్న అంకె అని పక్కన పెట్టకండి. పాప ఆడుకుంటోంది, తింటోంది, చలాకీగా ఉంది అన్నది ఇక్కడ ఆధారం కాదు. ఈ స్థాయిలో పైకి ఏమీ కనబడదు.

మందు మాత్రం వద్దు. సీసాన్ని పట్టి బయటికి లాగే కిలేషన్ మందులు 45 గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడే పిల్లలకి. 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లలకి సక్సిమర్ అనే కిలేషన్ మందు ఇచ్చి చూసిన అధ్యయనంలో రక్తంలో సీసం తగ్గింది గానీ బుద్ధి పరీక్షల్లో తేడా రాలేదు. పైగా సీసం వచ్చే దారి మూయకుండా మందు వేస్తే, మందు ఆపిన కొన్ని వారాలకి అంకె మళ్ళీ లేస్తుంది. ఎముకల్లో దాక్కున్నది రక్తంలోకి వస్తుంది, ఇంట్లోది కొత్తగా చేరుతుంది.

చికాగో_చింతచిగురు
ధన్యవాదాలు డాక్టరు గారూ. కొత్తిమీర రసం, క్లోరెల్లా అనే నాచు మాత్రలు, "డీటాక్స్" సెలైన్ అని కొందరు సలహా ఇస్తున్నారు. వాటి సంగతి?

పాలబుగ్గలు
కొత్తిమీర పచ్చడి చేసుకుని తినండి, సీసం తీస్తుందని మాత్రం నమ్మకండి. క్లోరెల్లా కూడా అంతే. సెలైన్ విషయంలో గట్టిగా చెబుతున్నాను: వాటిలో కలిపి ఎక్కించే ఈడీటీఏ రెండు రకాలు. వైద్యంలో వాడేది కాల్షియం కలిసిన ఈడీటీఏ. దాని బదులు డైసోడియం ఈడీటీఏ ఎక్కిస్తే అది రక్తంలోని కాల్షియాన్ని లాగేసి గుండె ఆపేస్తుంది. అమెరికాలో అలా పిల్లలు చనిపోయారు. పేర్లు దాదాపు ఒకటే కావడం వల్ల జరిగే పొరపాటు ఇది.

చేయాల్సింది తిండి మీద. ఇనుము తక్కువైన పేగు సీసాన్ని ఇనుమనుకుని లోపలికి తీసుకుంటుంది. అందుకే సీసంతో పాటు ఒంట్లో ఇనుము నిల్వని చెప్పే ఫెరిటిన్ కూడా చూపించండి, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ చుక్కలు. కాల్షియానికి పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు. ఇంకో మాట: పెద్దవాళ్ళ పేగు మింగిన సీసంలో పది, పదిహేను శాతం పీల్చుకుంటే చిన్నపిల్లల పేగు సగం దాకా పీల్చుకుంటుంది, ఖాళీ కడుపున ఇంకా ఎక్కువ. పొద్దున్నే ఏదో ఒకటి తినిపించాకే నేల మీద ఆడుకోనివ్వండి.

దుగ్గిరాల_పసుపు
మసాలా నాణ్యత పరీక్షల వైపు నుంచి. ఇంట్లో వెతకాల్సిన వాటిలో పసుపు ముందుండాలి, ముఖ్యంగా విడిగా కొన్నది, ఊరి నుంచి ఎవరో పొట్లం కట్టి పంపింది.

ఇంత సీసం పొలంలోంచి రాదు. కొమ్ము ఉడకబెట్టి ఎండబెట్టాక డ్రమ్ములో వేసి పాలిష్ పడతారు. రంగు తేలిపోయిన కొమ్ముకి మెరుపు రావాలని అక్కడ లెడ్ క్రోమేట్ అనే సీసం కలిసిన పసుపు రంగు పొడి చల్లితే వస్తుంది. బంగ్లాదేశ్‌లో 1980ల వరదల్లో తడిసి మసకబారిన పసుపుని అమ్ముకోవడానికి మొదలైన అలవాటది. 2019లో అక్కడి మార్కెట్ నమూనాల్లో 47 శాతం వాటిలో సీసం ఉంటే, అధికారులు టోకు మార్కెట్ల మీద పడి, జరిమానాలు వేసి, ప్రచారం చేశాక 2021కల్లా అది సున్నాకి వచ్చింది. చేయాలనుకుంటే అవుతుంది! మన దేశంలో పట్నా, గువాహటి నమూనాల్లో ఎక్కువ దొరికింది, పట్నాలో ఒకటి 2,000 పీపీఎం దాటింది.

లెక్క ఒకసారి వేద్దాం. పీపీఎం అంటే గ్రాముకి మైక్రోగ్రాము. మన ఆహార ప్రమాణాల్లో పసుపులో సీసం పరిమితి 10 పీపీఎం. కుటుంబం మొత్తానికి రోజుకి చెంచా పసుపు, సుమారు 3 గ్రాములు అనుకోండి. పరిమితి అంచున ఉన్న పసుపైనా 30 మైక్రోగ్రాములు కుండలోకి వెళ్తాయి. అందులో పాపకి ఆరో వంతు అనుకున్నా 5. పిల్లలకి తిండి మొత్తం ద్వారా రోజుకి 2.2 మైక్రోగ్రాములు మించకూడదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచిక. అంటే చట్టం ఒప్పుకున్న పసుపే పాప కోటాని రెండింతలు దాటించగలదు. 100 పీపీఎం ఉన్న పసుపైతే 50 మైక్రోగ్రాములు.

ఇంట్లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి గులాబీ రంగు చూసే పరీక్ష మెటానిల్ ఎల్లో అనే రంగుకి. అది లెడ్ క్రోమేట్‌ని పట్టదు. పరీక్షలో "కల్తీ లేదు" అని తేలిన పసుపులోనూ సీసం ఉండొచ్చు. ల్యాబుకి పంపితే సీసం ఒక్కటే కాదు, క్రోమియం కూడా కొలవమనండి. సీసం బరువు క్రోమియం బరువుకి సుమారు నాలుగు రెట్లు ఉంటే అది లెడ్ క్రోమేటే, కావాలని కలిపిందే. నిష్పత్తి కుదరకపోతే రోలు, మిల్లు, గిన్నె వైపు చూడాలి.

కళాయిపూత
గిన్నె మాట వచ్చింది కాబట్టి. నా ఉద్దేశంలో తెలుగు వంటింట్లో పసుపు కంటే ముందు చూడాల్సింది ఇండాలియం గిన్నెని, ఎందుకంటే మన వంటలో చింతపండు ఉంది.

2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ హిందాలియం, ఇండాలియం పేర్లతో వచ్చే అల్యూమినియం మిశ్రమం గిన్నెలు, కొన్ని ఇత్తడి గిన్నెలు సీసం వదులుతున్నాయని, అమ్మొద్దని దుకాణాలకి చెప్పింది. కారణం తుక్కు. పాత ఇంజను ముక్కలు, టంకం అంటుకున్న రేడియేటర్లు కలిపి కరిగించి పోత పోస్తే అందులోని సీసం ఎక్కడికీ పోదు. సీసం అల్యూమినియంలో కరగదు, సన్నని బొట్లుగా లోహంలో అక్కడక్కడా ఇరుక్కుంటుంది. పులుసు మరిగినప్పుడు పులుపు పై పొరని తిని ఆ బొట్ల దాకా చేరుతుంది. పులుసు కాచి, అదే గిన్నెలో రాత్రంతా ఉంచి, పొద్దున మళ్ళీ వేడి చేయడం అన్నిటికన్నా చెడ్డది. గిన్నె లోపల కాలంతో పట్టిన నల్లటి పొర కొంత కాపు కాస్తుంది. పీచుతో తెల్లగా మెరిసేదాకా తోమితే ఆ కాపు కూడా పోతుంది.

ఇత్తడిలో రేకుని సాగగొట్టి చేసినవాటి కంటే పోత పోసినవాటి మీద అనుమానం ఎక్కువ ఉండాలి. చెక్కడానికి, తరిణ పట్టడానికి వీలుగా ఉండాలని పోత ఇత్తడిలో ఒకటి నుంచి మూడు శాతం సీసం కలుపుతారు.

కళాయి వేయించేవాళ్ళు ఇది గమనించండి. పూత పూయాల్సింది తగరం. తగరం ధర సీసం ధరకి పది రెట్ల పైమాటే, పైగా తగరం 232 డిగ్రీల దగ్గర కరిగితే తగరం, సీసం కలిసిన టంకం 183కే కరుగుతుంది. చవక, పని తేలిక, అందుకే కల్తీ. గిన్నె కాల్చి నవాసారం చల్లి, దూదితో పూత రుద్దే ముందు ఆ కడ్డీని అడిగి చేతిలోకి తీసుకోండి. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచితే శుద్ధమైన తగరం కిరకిరమని సన్నగా అరుస్తుంది. సీసం ఎక్కువ కలిసింది నోరు మెదపదు, తెల్ల కాగితం మీద గీస్తే బూడిదరంగు గీత పడుతుంది. ఇది తప్పుడు కడ్డీని పట్టడానికే. అరిచినంత మాత్రాన పూర్తిగా శుద్ధం అని రాసివ్వలేం.

చికాగో_చింతచిగురు
ఆన్‌లైన్‌లో అమ్మే రుద్దితే రంగు మారే పుల్లలతో గిన్నె పరీక్ష చేసుకోవచ్చా?

కళాయిపూత
వద్దండీ. అవి పాత రంగుల కోసం తయారైనవి. మిశ్రమ లోహంలోపల ఇరుక్కున్న సీసం వాటికి చాలావరకు అందదు. రంగు మారకపోతే "మంచి గిన్నె" అని వాడేస్తారు, అదే ప్రమాదం. ఎక్స్ఆర్ఎఫ్ తుపాకీ, అంటే ఎక్స్ కిరణాలతో కొలిచే చేతి పరికరం, లోహంలో ఎంత ఉందో చెబుతుంది. తిండిలోకి ఎంత దిగుతుందో తెలియాలంటే పుల్లటి ద్రావణం పోసి ఆ ద్రావణాన్ని కొలవాలి. పింగాణీకి అయితే 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచుతారు. అంత ఖర్చుకి స్టీలు గిన్నె వచ్చేస్తుంది.

ఎర్రకణం
సింధూరం ఎవరూ చెప్పలేదు. పసుపు, సున్నం కలిపి చేసిన కుంకుమ వేరు, నారింజ ఎరుపులో బరువుగా ఉండే సింధూరం వేరు. రెండోది చాలాచోట్ల లెడ్ టెట్రాక్సైడ్, అంటే ఎర్ర సీసమే. ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చిన పొట్లం దేవుడి గూట్లో ఎత్తుగా, మూత బిగించి ఉండాలి. నుదుటిది వేలికి, వేలు నోటికి, పిల్లల దారి అంతే. విడిగా అమ్మే కాటుక, సుర్మా కూడా ఇదే జాబితాలో. నాగభస్మం కలిసిన మందులైతే పేరులోనే ఉంది: నాగం అంటే సీసం. గర్భిణులు ఇలాంటి మాత్రలు వాడి రక్తంలో సీసం పెంచుకున్న కేసులు న్యూయార్క్‌లో నమోదయ్యాయి. సీసం మావిని దాటి బిడ్డకి చేరుతుంది.

ఏలూరు_కాలువ
ఒక సందేహం. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందులన్నారు. రక్తంలో సీసం దొరికితే అదే కారణం కాదా?

ఎర్రకణం
మంచి ప్రశ్న. దొరకడం వేరు, కారణం కావడం వేరు. 2020లో వచ్చిన యూనిసెఫ్ నివేదిక ప్రకారం మన దేశంలో 27 కోట్ల 50 లక్షల మంది పిల్లల్లో సీసం 5 దాటి ఉంటుందని అంచనా. అలాంటి దేశంలో ఏ పట్టణంలో పదిమంది రక్తం తీసినా కొందరిలో దొరుకుతుంది. కాబట్టి ఎంత ఉందో, రోగం నడకతో అది కలుస్తుందో లేదో చూడాలి.

సీసం వల్ల ఫిట్స్ రావాలంటే సాధారణంగా 70 దాటాలి. ఆ స్థాయికి చేరేముందు వారాల తరబడి కడుపునొప్పి, మలబద్ధకం, వాంతులు, రక్తహీనత కనబడతాయి. స్లైడు చూస్తే ఎర్రకణాల్లో నీలి చుక్కలు ఉండొచ్చు. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి నెల పడుతుంది. ఏలూరులో చాలామంది కొన్ని నిమిషాలు మూర్ఛపోయి, గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మామూలుగా ఇంటికి వెళ్ళారు. సీసం అలా వచ్చి అలా పోదు. నిపుణుల బృందాలు చివరికి పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గింది అందుకే.

అయితే అక్కడ సీసం పెరిగి కనిపించిన వారి విషయం అంతటితో మూసేయకూడదు. ఫిట్స్‌కి కారణం కాకపోయినా ఆ సీసానికి వేరే దారి ఉంటుంది, దాన్ని వెతకాలి.

భట్టీ_భద్రత
ఆ వేరే దారుల్లో పెద్దది పాత బ్యాటరీలు. పెట్రోలులో సీసం 2000లో ఆగింది, ఇళ్ళకి వేసే రంగుల్లో 90 పీపీఎం పరిమితి 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. పెరుగుతున్నది బ్యాటరీ. ఆరుబయట ప్లేట్లు విరగ్గొట్టి కరిగించే భట్టీల పొగ, యాసిడ్ పారిన మట్టి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. పనివాళ్ళ బట్టలతో ఇంటికొస్తుంది. చెప్పులు, బట్టలు పనిచోటే విడిచి, అక్కడే తలస్నానం చేసి రావాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతక్కూడదు. మాస్కు పెట్టుకుని, అవే చేతులతో బీడీ తాగితే మాస్కు వల్ల లాభం లేదు.

అమెరికాలో పరిశ్రమల నియమం ప్రకారం పెద్దవాళ్ళకి 60 గానీ అంతకు మించి గానీ ఉంటే సీసం పని నుంచి తప్పించి, 40 కిందికి దిగాకే తిరిగి పెడతారు. ఆ అంకెలు పాతవి. అంతకంటే చాలా తక్కువలోనే రక్తపోటు, మూత్రపిండాల దెబ్బ మొదలవుతాయి. కాలిఫోర్నియా 2025 నుంచి 30 దగ్గరే తప్పించమంటోంది. మన దగ్గర పనిచోటి భద్రత చట్టంలో సీసం విషం ప్రకటించాల్సిన రోగాల్లో ఉంది. అంటే చూసిన డాక్టరు రిపోర్టు పంపాలి.

విసురువల
తీరం వైపు ఇంకో దారి ఉంది. వల అంచుకి కట్టే సీసం గుళ్ళు ఇంటి దగ్గరే పాత ముక్కలు కరిగించి పోస్తారు, చాలాసార్లు వంట పొయ్యి మీదే. గుండుని తాడుకి బిగించడానికి పంటితో నొక్కుతారు, పక్కన కూర్చున్న పిల్లలు వాటితో ఆడుకుంటారు. కరిగించే మూకుడు వంటకి వాడకూడదు. పోత ఇంటికి దూరంగా గాలివాలున పోయాలి, పిల్లలు, గర్భిణులు అటు రాకూడదు. బిగించడానికి పట్కారు. పని అయ్యాక నేల పొడిగా ఊడవొద్దు, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి.

చికాగో_చింతచిగురు
ఇప్పుడు క్రమం అడుగుతాను. పసుపు మార్చి మూడు నెలలు చూసి, తగ్గకపోతే గిన్నె మార్చి మళ్ళీ చూడాలా? లేకపోతే ఏది కారణమో తెలియదు కదా.

పాలబుగ్గలు
అలా చేయకండి, పాప మీద ప్రయోగం అవుతుంది. అనుమానం ఉన్నవన్నీ ఒకే రోజు ఆపేయండి: విడి పసుపు, కారం, ఇండాలియం, పోత ఇత్తడి, సింధూరం, కాటుక, భస్మాలు. కారణం తెలియాలన్న ఆరాటం పెద్దవాళ్ళది, పాపకి కావాల్సింది సీసం ఆగడం.

దుగ్గిరాల_పసుపు
ఒప్పుకుంటాను, కానీ పారేసే ముందు ఒక్కో పొడి రెండు చెంచాలు వేరువేరు జిప్ సంచుల్లో వేసి, కొన్న దుకాణం, తేదీ, బ్యాచ్ నంబరు రాసి ఉంచండి. పారేస్తే మూలం ఎప్పటికీ తెలియదు, అదే సంచిలోంచి కొన్న పక్కింటివాళ్ళు తింటూనే ఉంటారు. చాలా నగరాల్లో ఆరోగ్య శాఖ ఇంటికి వచ్చి ఎక్స్ఆర్ఎఫ్‌తో చూస్తుంది, అడగండి.

పాలబుగ్గలు
అది సరైన మాట. ఇంకొకటి, చికాగో కాబట్టి చెబుతున్నాను: వంటిల్లు చూసేశాం అని నీళ్ళని వదలొద్దు. 1986 దాకా అక్కడ వీధి గొట్టం నుంచి ఇంటికి సీసపు గొట్టమే వేసేవారు, లక్షల్లో ఇంకా ఉన్నాయి. మరిగిస్తే సీసం పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. పాలపొడి కలపడానికి చల్లనీళ్ళ కుళాయే వాడండి, ఎన్ఎస్ఎఫ్ 53 అనే ఫిల్టర్ల ప్రమాణం ముద్రలో సీసం అని రాసి ఉన్న ఫిల్టరు పెట్టి, గడువుకి గుళిక మార్చండి. 1978కి ముందు ఇల్లయితే సీసం ఉన్న పాత రంగు ఉండొచ్చు, కిటికీ పట్టాల్లో దుమ్ము కూడా చూపించాలి.

తర్వాత మూడు నెలలకి నరం రక్తంతోనే మళ్ళీ పరీక్ష, అదే ల్యాబులో. రక్తంలో సగానికి తగ్గడం నెల లెక్కైనా, చాలాకాలం తిన్న పిల్లల్లో ఎముక నుంచి ఊరుతుంది కాబట్టి మెల్లగా దిగుతుంది. 6.2 నుంచి 4.5కి వస్తే దారి సరైనదే. 6.2 అలాగే ఉంటే ఇంట్లో ఇంకేదో మిగిలింది. తోబుట్టువులకీ, అమ్మ గర్భిణి అయితే ఆమెకీ అదే రోజు చేయించండి.

చికాగో_చింతచిగురు
చివరి ప్రశ్న. పక్కన పెట్టిన గిన్నెలు ఏం చేయాలి? చాలామంది ఇండియాకి పంపడమో, ఇంట్లో సాయం చేసేవాళ్ళకి ఇవ్వడమో చేస్తారు.

కళాయిపూత
ఎవరికీ ఇవ్వకండి. వాళ్ళింట్లోనూ పిల్లలు ఉంటారు. విరాళాల పెట్టెలో వేయొద్దు, మొక్కల కుండీగా తులసికో కొత్తిమీరకో కూడా వాడొద్దు. అడుగున మేకుతో రెండు మూడు చిల్లులు పొడవండి, మళ్ళీ పొయ్యెక్కకుండా. ఆ తర్వాత మీ కౌంటీ ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రానికి ఫోన్ చేసి, సీసం ఉన్న లోహం అని చెప్పి ఇవ్వండి. పసుపు పొడిని సింకులో కడగొద్దు, సంచితో సహా మూటకట్టి అక్కడే ఇవ్వండి.